కామాటిపుర: రెండు స్టేషన్ల నడుమ కురచ చాళ్ళు, 500 చదరపు అడుగుల మాట

ముంబై సెంట్రల్ స్టేషన్‌లో లోకల్ దిగి తూర్పు వైపు నడిస్తే పది పదిహేను నిమిషాల్లో కామాటిపుర వస్తుంది. గ్రాంట్ రోడ్ స్టేషన్ నుంచి కూడా దాదాపు అంతే. భాయ్‌ఖలా స్టేషన్ కూడా మరీ దూరమేమీ కాదు. అంటే పశ్చిమ రైల్వే, మధ్య రైల్వే రెండూ ఈ బస్తీకి అందుబాటులో ఉన్నాయి. 2025 అక్టోబరులో భూగర్భ మెట్రో మూడో లైను కఫ్ పరేడ్ దాకా నడవడం మొదలయ్యాక ముంబై సెంట్రల్, గ్రాంట్ రోడ్ దగ్గర రెండు మెట్రో స్టేషన్లు తెరుచుకున్నాయి. రవాణా పరంగా ఇంతకు మించిన చోటు ముంబైలో తక్కువ. అలాంటి చోట, నంబర్లతో పిలిచే గల్లీల్లో, ఈనాటికీ కనిపించేవి ఎక్కువగా రెండు మూడు అంతస్తుల పాత చాళ్ళు. వాటిలో చాలావాటికి టేకు దూలాలు, ఇటుక గోడలు, ఉమ్మడి మరుగుదొడ్లు ఉంటాయి. కొన్నింటిని ఇనుప స్తంభాలు ఆనించి నిలబెట్టారు.

ఇంత విలువైన నేల మీద ఇంత తక్కువ, ఇంత నాసి కట్టడం ఎందుకు మిగిలిపోయింది? బిల్డర్ల ఆశ, రాజకీయం అని సరిపెట్టుకునే జవాబు సగమే నిజం. మిగతా సగం కిరాయి చట్టంలో, నేల కొలతల్లో, యాజమాన్యపు చీలికల్లో ఉంది. ఇప్పుడు మొత్తం బస్తీని తిరిగి కట్టే ప్రయత్నం జరుగుతోంది కాబట్టి, అక్కడ తాతల నాటి ఖోలీలు ఉన్న తెలుగు కుటుంబాలు ఈ సంగతులు తెలుసుకుని ఉండాలి. సోలాపుర్, పుణె, హైదరాబాద్, పాలమూరులో ఉంటూ ఇక్కడి గదిని తాళం వేసి వదిలిన వారు మరీ ముఖ్యంగా తెలుసుకోవాలి.

పేరు, మనుషులు

కామాటి అంటే మట్టిపని, కట్టడపు పని చేసే కూలీ. ఆ మాట మనదే. నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి బొంబాయికి వలస వచ్చిన పనివాళ్ళను ఆ ఊరు కామాటీలని పిలిచింది. 18వ శతాబ్దం చివర్లో వర్లీ దగ్గర సముద్రపు నీటిని ఆపుతూ హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట వేశాక, దీవుల మధ్య బురద పల్లాలు మెరక అయ్యాయి. అలా ఒడ్డున పడ్డ నేలలో కామాటీలు గుడిసెలు వేసుకున్నారు. అదే కామాటిపుర అయింది. ఆ తర్వాత నూరేళ్ళలో రేవులు, మిల్లులు, ప్రభుత్వ భవనాలు లేచాయి. వాటికి రాయీ మట్టీ మోసిన చేతుల్లో ఈ గల్లీల వాళ్ళవి కూడా ఉన్నాయి. ఊరంతా కట్టిన వాళ్ళ సొంత గూడు ఇప్పుడు ఇనుప స్తంభాల మీద నిలబడి ఉండడం చూస్తే మనసు ఊరుకోదు.

కామాటీలలో అందరూ కూలీలుగానే ఉండిపోలేదు. కట్టడపు కాంట్రాక్టుల్లో ఎదిగిన కుటుంబాలున్నాయి. మహాత్మా జ్యోతిరావు ఫూలే 1873లో పుణెలో స్థాపించిన సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచిన రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయ కరాడి లింగు తెలుగువారే. బయటి ప్రపంచానికి కామాటిపుర అంటే వేశ్యావాటిక అనే ఒక్క పేరే తెలుసు. బ్రిటిష్ కాలంలో పడిన ఆ ముద్ర వెనక కూలీల బస్తీ, భజన మండళ్ళ బస్తీ, బతుకమ్మ ఆడే వాకిళ్ళ బస్తీ కనబడకుండా పోయింది. నలుగురిలో చిరునామా చెప్పాలంటే వెనకాడిన తరాలున్నాయి మన ఇళ్ళల్లో. ఆ వెనకాడడం కూడా ఇక్కడి కట్టడాన్ని దెబ్బతీసింది. చెడ్డపేరున్న గల్లీకి బాగుచేసే చేతులు ఆలస్యంగా వచ్చాయి.

జనం ఎక్కువ, కట్టడం తక్కువ

కామాటిపుర గురించి మాట్లాడేటప్పుడు రెండు సంగతులు కలిపేస్తుంటారు. ఇక్కడ జనం కిక్కిరిసి ఉన్నారన్నది నిజం. అలాగని నేల నిండుగా వాడుకలో ఉందనుకుంటే పొరపాటు. ఒక ప్లాటు మీద ఎన్ని అంతస్తుల చోటు కట్టవచ్చో చెప్పే కొలతను ముంబైలో ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. వెయ్యి చదరపు మీటర్ల ప్లాటుకు ఎఫ్‌ఎస్‌ఐ 1.33 అయితే, అన్ని అంతస్తులూ కలిపి 1,330 చదరపు మీటర్లు కట్టవచ్చు. 1991 నిబంధనల్లో దీవి నగరానికి పెట్టిన హద్దు అదే, శివార్లకు 1. ముంబైలో ఈ కొలత 1964లో మొదలైనప్పుడు నారిమన్ పాయింట్ లాంటి చోట్ల 4.5 దాకా ఇచ్చారు. తర్వాత జనం పెరుగుతూ వచ్చారు, హద్దు తగ్గుతూ వచ్చింది. ప్రపంచంలో చాలా నగరాలు రైలు స్టేషన్ల చుట్టూ ఎక్కువ కట్టనిస్తాయి. ముంబై చాలాకాలం స్టేషన్ పక్కనా, స్టేషన్‌కు దూరంగానూ ఒకే కొలబద్ద పెట్టింది.

దీనివల్ల పాత బస్తీల్లో ఒక విచిత్రమైన స్థితి వచ్చింది. హద్దు పుట్టకముందే కట్టిన చాళ్ళలో చాలావాటి ఎఫ్‌ఎస్‌ఐ అప్పటికే 1.33 దాటి ఉంది. కూల్చి మామూలు నిబంధనలతో కడితే ఉన్న చోటే తగ్గుతుంది. ఇరవై గదులున్న చాలు స్థానంలో పదిహేను గదులు కడితే మిగతా ఐదు కుటుంబాలు ఎక్కడికి పోవాలి? అందుకని ఎవరూ కూల్చలేదు. సరిగ్గా బాగుచేయనూ లేదు. గదులు చాలామటుకు 180 చదరపు అడుగులు దాటవు. కొన్ని అందులో సగం కూడా ఉండవు. మాలా (గదిలోపలి అటక) వేసుకుని, పిల్లలు పైన, పెద్దలు కింద పడుకుంటూ మూడు తరాలు గడిపాయి.

కిరాయి ఆగిపోయిన తేదీ

అసలు ముడి కిరాయి చట్టంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బొంబాయిలో ఇళ్ళ కరువు వచ్చి, కిరాయిలు పెంచకుండా ప్రభుత్వం కట్టడి చేసింది. 1947 బొంబాయి కిరాయి నియంత్రణ చట్టం 1940 సెప్టెంబరు 1 నాటి కిరాయినే ప్రమాణంగా తీసుకుంది. అప్పట్లో కూలీ కుటుంబాలను వీధిన పడకుండా కాపాడింది ఆ చట్టమే. దాన్ని తిట్టేవాళ్ళు ఆ సంగతి మరిచిపోతుంటారు. కానీ తాత్కాలికమని తెచ్చిన చట్టం దశాబ్దాలు సాగింది. ధరలన్నీ పెరిగినా కిరాయి పెరగలేదు. నెలకు పదులు, వందల రూపాయలు వచ్చే చాలుకు యజమాని సున్నం కూడా వేయించడు. పైకప్పు కారితే కిరాయిదారే తాడిపత్రి కప్పుకోవాలి.

ఈ ఖాళీలోంచి పగిడీ పద్ధతి పుట్టింది. కిరాయిదారు చేరేటప్పుడు పెద్ద మొత్తం ముందే ఇస్తాడు, నెలనెలా నామమాత్రపు కిరాయి కడతాడు, గదిని ఇంకొకరికి బదలాయించేటప్పుడు యజమానికి అందులో వాటా ముడుతుంది. అంటే కిరాయిదారు సగం యజమాని లాంటివాడు. కానీ నేల అతనిది కాదు. 2000 మార్చి 31 నుంచి అమలులోకి వచ్చిన మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం (1999) ఈ పగిడీని చట్టబద్ధం చేసింది, ఏటా 4 శాతం కిరాయి పెంచుకోనిచ్చింది. నలభై రూపాయల మీద 4 శాతం అంటే రూపాయిన్నర. దాంతో ఏ మరమ్మతు జరుగుతుంది?

సెస్సు, మరమ్మతు బోర్డు

వర్షాకాలం వచ్చిందంటే పాత భవనాలు కూలడం మామూలైపోయాక 1969లో మరమ్మతు బోర్డు చట్టం చేశారు. దీవి నగరంలోని పాత ప్రైవేటు కిరాయి భవనాల మీద పన్ను లాంటి సెస్సు వేసి, ఆ డబ్బుతో ప్రభుత్వమే మరమ్మతు చేయించాలన్నది ఆలోచన. మొదట్లో ఈ జాబితాలో 19,642 భవనాలు ఉన్నాయి. వాటిలో 16,502 ‘ఎ’ వర్గం, అంటే 1940 సెప్టెంబరుకు ముందువి. కామాటిపుర చాళ్ళు ఎక్కువగా ఈ వర్గంలోనే ఉంటాయి. తర్వాత ఆ బోర్డు మ్హాడాలో (మహారాష్ట్ర గృహనిర్మాణ, ప్రాంతీయాభివృద్ధి సంస్థ) కలిసింది. మన వాళ్ళు సెస్సు బిల్డింగ్ అనేది వీటినే.

బోర్డు మరమ్మతు అంటే చాలాసార్లు కుళ్ళిన దూలం తీసి ఇనుప కమ్మీ వేయడం, గోడకు ఆసరా పెట్టడం. ఒక్కో భవనం మీద పెట్టగల ఖర్చుకు హద్దు ఉంది కాబట్టి పునాది దాకా పోయే పని జరగదు. ఏటా వర్షాలకు ముందు మ్హాడా అత్యంత ప్రమాదకర భవనాల జాబితా ప్రకటిస్తుంది, ఖాళీ చేయమంటుంది. జనం కదలరు. వాళ్ళది మొండితనం అనుకోవడం సులువే. గోరేగావ్, మాన్‌ఖుర్ద్ లాంటి దూరపు ట్రాన్సిట్ క్యాంపులకు పోయినవాళ్ళలో ఎందరో ముప్పై నలభై ఏళ్ళయినా తిరిగి రాలేదు. పొద్దున్నే నడిచి పనికి పోయే మనిషి రెండు రైళ్ళు మారాల్సిన చోటికి పోతే, అతని పని పోతుంది లేదా అతని రోజు పోతుంది. స్టేషన్ పక్కన ఉండడమే ఆ ఇంటి అసలు ఆస్తి. గది కురచైనా అందుకే వదలరు.

వదలకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2017 ఆగస్టు 31న భేండీ బజార్ దగ్గర పాక్‌మోడియా వీధిలో హుసేనీ భవనం కూలి 33 మంది చనిపోయారు. 2019 జులైలో డోంగ్రీలో కేసర్‌బాయి భవనం కూలినప్పుడు కూడా పదిమందికి పైగా పోయారు. రెండూ కామాటిపురకు దగ్గరివే, అదే కాలపు బస్తీలు.

మళ్ళీ కట్టినవీ కురచే

కొత్తగా కడితే చాలు, బాగుపడుతుందనుకునే వాళ్ళు ప్రధానమంత్రి గ్రాంటు పథకం సంగతి గుర్తుచేసుకోవాలి. 1985లో రాజీవ్ గాంధీ బొంబాయి ఇళ్ళ కోసం 100 కోట్ల రూపాయలు ప్రకటించారు. ఆ డబ్బులో కొంతతో పాత సెస్సు భవనాలు కూల్చి 66 కొత్త భవనాలు లేపారు. కామాటిపురలోనూ ఆ రకం భవనాలు ఉన్నాయి. గదులు మాత్రం రెండు వందల చదరపు అడుగులకు అటూ ఇటూ. ఖర్చు తగ్గించాలి, కుటుంబాలన్నింటినీ ఇరికించాలి అన్న లెక్కతో కట్టినవి. ముప్పై ఏళ్ళు తిరగకుండానే పెచ్చులూడి, కమ్మీలు బయటపడి, అవి కూడా తిరిగి కట్టాల్సిన జాబితాలోకి వచ్చాయి. దీవి నగరంలో మ్హాడా ఇలా తిరిగి కట్టిన 388 భవనాల గురించి ఇప్పుడు విడిగా ఒక నిబంధన (33(24)) తేవాల్సి వచ్చింది. ఎందుకంటే అవి ఒకసారి తిరిగి కట్టినవి కాబట్టి సెస్సు భవనాలకు ఇచ్చే అదనపు ఎఫ్‌ఎస్‌ఐ వాటికి దొరకలేదు.

నా దృష్టిలో కామాటిపుర కథలో అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక ఇదే. నేల ఖరీదైనదే, స్టేషన్ దగ్గరిదే, ప్రభుత్వమే కట్టింది. అయినా కట్టడం నాసిగానే వచ్చింది. ఒకసారి తక్కువ కట్టిన చోట మళ్ళీ కట్టే అవకాశం ఒక తరం దాకా రాదు.

500 చదరపు అడుగుల లెక్క

ఇప్పుడు మ్హాడా ముందున్న పథకం సుమారు 34 ఎకరాలకు సంబంధించింది. తొమ్మిది వందలకు పైగా సెస్సు భవనాలు, ఎనిమిది వేల మంది దాకా కిరాయిదార్లు, 800 మంది దాకా నేల యజమానులు దీని కిందికి వస్తారు. కిరాయిదార్లలో ఆరు వేల పైచిలుకు ఇళ్ళవాళ్ళు, మిగతావి దుకాణాలు, చిన్న కార్ఖానాలు. ఇంటి కిరాయిదారుకు 500 చదరపు అడుగుల కార్పెట్ ఏరియా ఇల్లు ఇస్తామన్నది మాట. యజమానులకు కూడా ఇళ్ళే ఇస్తామన్నారు: 50 చదరపు మీటర్ల దాకా ప్లాటున్న వారికి 500 అడుగుల ఇల్లు ఒకటి, 51 నుంచి 100 దాకా రెండు, అలా పైకి. నిర్మాణ సంస్థను ఎంచుకోవడానికి 2025లో టెండరు పిలిచారు.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. 34 ఎకరాలంటే సుమారు 1.37 లక్షల చదరపు మీటర్లు. రోడ్లు, గల్లీలు తీసేసి లక్ష చదరపు మీటర్ల ప్లాట్లు మిగిలాయనుకుందాం. 500 చదరపు అడుగులంటే 46.45 చదరపు మీటర్లు. ఆరు వేల ఇళ్ళకే 2.8 లక్షల చదరపు మీటర్లు కావాలి. గోడలు, మెట్లు, లిఫ్టులు, వరండాల కోసం ఇంకో మూడో వంతు వేసుకుంటే 3.7 లక్షలు. దుకాణాలు, యజమానుల ఇళ్ళు, గుడులు, మసీదులు, బడులు ఇందులో చేరలేదు. ఎఫ్‌ఎస్‌ఐ 4 ఇస్తే మొత్తం కట్టగలిగేది నాలుగు లక్షలు. అమ్ముకోవడానికి ఏమీ మిగలదు కాబట్టి ఏ సంస్థా ముందుకు రాదు. అందుకే బస్తీ మొత్తాన్ని ఒక ముక్కగా తీసుకుని కట్టే క్లస్టర్ నిబంధన (33(9)) ఒక వెసులుబాటు పెట్టింది: ఎఫ్‌ఎస్‌ఐ 4, లేదా పునరావాసానికి కావలసినంత చోటు దాని మీద ప్రోత్సాహకపు చోటు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది.

అంటే పైహద్దు దాదాపు లేనట్టే. ఇక్కడే కిరాయిదార్లు జాగ్రత్తగా చూడాలి. సంస్థకు లాభం అమ్మకపు టవర్లలో ఉంటుంది. పునరావాసపు టవర్లు నేలలో ఎంత తక్కువ మేర పడితే దానికి అంత మంచిది. టవరుకూ టవరుకూ మధ్య ఖాళీ తగ్గించే సడలింపులు నిబంధనల్లోనే ఉన్నాయి. ముంబైలో మురికివాడల పునరావాస భవనాలు కొన్నింటిలో కింది అంతస్తులకు పగలు కూడా దీపం కావాలి. కాబట్టి 500 అన్న అంకె ఒక్కటే అడిగి ఊరుకుంటే చాలదు. కిటికీకి ఎదుట ఎన్ని మీటర్ల ఖాళీ, అంతస్తుకు ఎన్ని ఇళ్ళు, ఎన్ని లిఫ్టులు, నెలవారీ ఖర్చులకు కార్పస్ నిధి ఎంత అని ఒప్పందంలో రాయించుకోవాలి. ముప్పై అంతస్తుల లిఫ్టుల కరెంటు బిల్లు, పంపు ఖర్చు చాలులో ఎప్పుడూ లేనివి. కార్పస్ సరిపోకపోతే కూలి డబ్బుతో బతికే కుటుంబం ఆ ఇల్లు అమ్మి దూరం పోతుంది. అప్పుడు స్టేషన్ పక్కన ఇల్లు ఎవరి కోసం కట్టినట్టు?

నేల ఒకరిదా, ఎనిమిది వందల మందిదా

వర్లీ బి.డి.డి. చాళ్ళ సంగతి మన వాళ్ళందరికీ తెలిసిందే. 1920లలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ నాలుగు చోట్ల 207 చాళ్ళు కట్టింది: వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, ఎన్.ఎం. జోషి మార్గ్ దగ్గర 32, సేవ్రీలో 12. నేల మీద మూడంతస్తులు, 160 చదరపు అడుగుల గదులు. 2017లో భూమిపూజ జరిగింది. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి 556 కుటుంబాలకు 500 అడుగుల ఇళ్ళ తాళాలు ఇచ్చారు. ఎనిమిదేళ్ళు పట్టినా పని కదిలింది. సేవ్రీ చాళ్ళు మాత్రం పోర్టు ట్రస్టు నేలలో ఉండడంతో ముందుకు పోలేదు. ఎవరి నేల అన్నది ఎంత తేడా తెస్తుందో ఈ ఒక్కటి చూస్తే తెలుస్తుంది.

భేండీ బజార్‌ది ఇంకో దారి. దావూదీ బోహ్రాల సైఫీ బుర్హానీ ట్రస్టు 2009 నుంచి దాదాపు 16.5 ఎకరాల్లో 250 దాకా భవనాలను తీసుకుని, 3,200 కుటుంబాలను, 1,250 దుకాణాలను ఒక పథకం కిందికి తెచ్చింది. ఒక మతగురువు మాట మీద నడిచే సముదాయం, దండిగా డబ్బున్న ట్రస్టు. అయినా మొదటి టవర్లు లేవడానికి పదేళ్ళు పట్టింది. హుసేనీ భవనం కూలింది ఆ పథకం హద్దుల్లోనే.

కామాటిపురకు ఆ రెండు సదుపాయాలూ లేవు. ప్లాట్లు చిన్నవి, యజమానులు వందల మంది. కొందరి వారసులు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు, కొన్ని ప్లాట్లు కోర్టుల్లో ఉన్నాయి. ఒక్కో ప్లాటు విడిగా కట్టుకుంటే సన్నని కడ్డీ లాంటి భవనం వస్తుంది. పార్కింగు నిబంధన, ఖాళీ స్థలపు నిబంధన కలిసి దాన్నీ కట్టనివ్వవు. అందుకే ఇంతకాలం అక్కడక్కడా ఒంటరి టవరొకటి, దాని పక్కన కూలుతున్న చాలు అన్నట్టు మిగిలింది.

యజమాని కదలకపోతే ఏం చేయాలన్నదానికి చట్టంలో రెండు దార్లున్నాయి. 1986లో మ్హాడా చట్టానికి చేర్చిన ఎనిమిది-ఎ అధ్యాయం ప్రకారం 70 శాతం కిరాయిదార్లు కోరితే భవనాన్ని స్వాధీనం చేసుకుని, యజమానికి నెల కిరాయికి వంద రెట్లు పరిహారం ఇవ్వవచ్చు. దీని మీద యజమానుల సంఘం నడిపిన కేసు సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల దాకా పోయింది. ప్రతి ప్రైవేటు ఆస్తీ సమాజపు భౌతిక వనరు కిందికి రాదని 2024 నవంబరు 5న మెజారిటీ తీర్పు చెప్పింది. రెండోది 79-ఎ సెక్షను. భవనం ప్రమాదకరమని తేలితే పునర్నిర్మాణ ప్రతిపాదన తెమ్మని యజమానికి ఆరు నెలలు, అతను చేయకపోతే కిరాయిదార్ల సొసైటీకి ఆరు నెలలు గడువు ఇస్తారు. ఇద్దరూ తేకపోతే మ్హాడా తీసుకుంటుంది. 51 శాతం సమ్మతి కావాలి. కింది అధికారులు ఈ నోటీసులు ఇచ్చిన తీరును 2025లో బొంబాయి హైకోర్టు తప్పుపట్టింది కాబట్టి, మీ భవనానికి నోటీసు వచ్చి ఉంటే వకీలుకు చూపించండి.

జాబితాలో ఎవరి పేరు

సెస్సు భవనాల నిబంధనల్లో గుర్తుంచుకోవాల్సిన తేదీ 1996 జూన్ 13. ఆ తర్వాత కొత్తగా పుట్టించిన కిరాయిలను ఇల్లు ఇచ్చే లెక్కలోకి తీసుకోరు. ఒక గదిని అన్నదమ్ములు ఆ తర్వాత రెండుగా పంచుకుని అడ్డు గోడ కట్టుకున్నా, మ్హాడా దృష్టిలో అది ఒక్క కిరాయే. ఒక్క ఇల్లే వస్తుంది. ఈ సంగతి ముందే మాట్లాడుకోకపోతే అన్నదమ్ముల మధ్య తగవు తప్పదు.

మన కుటుంబాలకు ఇంకో చిక్కు ఉంది. పాత కిరాయి రసీదుల్లో తాత పేరు రాజన్న ఎల్లప్ప అని ఉంటుంది, ఇంటిపేరు ఉండదు. మనవడి ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. మరాఠీ దఫ్తరులో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరుస. బడిలో ఒక రకం, రేషన్ కార్డులో ఇంకో రకం. ముగ్గురూ ఒకే మనిషి వంశమని నిరూపించడానికి మరణ ధ్రువపత్రాలు, వారసత్వ పత్రం, పేర్లు రెండూ ఒకరివేనన్న అఫిడవిట్ కావాలి. ఇవి సర్వే వాళ్ళు గడప దగ్గరికి వచ్చినప్పుడు తయారయ్యేవి కావు.

కిరాయిదారు చనిపోతే ఆ సమయంలో ఆయనతో కలిసి ఆ ఇంట్లో ఉంటున్న కుటుంబ సభ్యుడికి కిరాయి హక్కు వస్తుందని 1999 చట్టం చెబుతుంది. ‘కలిసి ఉంటున్న’ అన్న మాటే ముఖ్యం. కొడుకు కరీంనగర్‌లో స్థిరపడి, తండ్రి ఒక్కడే ఖోలీలో పోతే, ఆ హక్కు ప్రశ్నార్థకం అవుతుంది. గదిని తెలిసినవాళ్ళకు నోటిమాట మీద ఇచ్చిన వారి స్థితి ఇంకా బలహీనం. రసీదు మీ పేరున, కరెంటు బిల్లు వాళ్ళ పేరున, ఓటరు జాబితాలో వాళ్ళే ఉంటే సర్వేలో ఇద్దరి మధ్య పేచీ వస్తుంది. కిరాయి ఎంత తక్కువైనా నెలనెలా కట్టి రసీదు తీసుకోవాలి. యజమాని తీసుకోకపోతే మనీయార్డరు పంపి, తిరిగి వచ్చిన కాగితాన్ని దాచుకోవాలి.

మున్సిపాలిటీ 354 సెక్షను కింద భవనాన్ని కూల్చాలని నోటీసు ఇచ్చినా కిరాయిదారు హక్కు పోదు. కూల్చేముందు ప్రతి కిరాయిదారు చోటును కొలిచి రాయాలి. ఆ కొలతల కాగితం నకలు చేతిలో పెట్టుకున్నాకే తాళం ఇవ్వడం మంచిది. తిరిగి కట్టలేని భవనాల వాళ్ళ పేర్లు మ్హాడా మాస్టర్ లిస్టులో చేరతాయి. అక్కడ వేరే చోట ఖాళీ అయిన ఇళ్ళు కేటాయిస్తారు.

వీళ్ళెవరి లెక్కలోనూ రాని మనుషులు కామాటిపురలో చాలామంది ఉన్నారు. ఉపకిరాయికి ఉన్న కూలీలు, సంచులు కుట్టే, జరీ పని చేసే కార్ఖానాల్లోనే పడుకునే కుర్రాళ్ళు, దశాబ్దాలుగా మంచం చోటుకు రోజు కిరాయి కడుతున్న ఆడవాళ్ళు. వాళ్ళలో తెలుగు జిల్లాల నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. రసీదు లేని వాళ్ళకు పథకంలో ఇల్లు లేదు. టవర్లు లేచాక ఈ గల్లీల్లో వాళ్ళు కట్టగలిగే కిరాయి ఉండదు.

తాత్కాలికంగా ఎక్కడుంచుతారన్నది ఒప్పందంలో చివరి పేజీల్లో ఉంటుంది, కానీ మొదట చదవాల్సింది అదే. క్యాంపులో గది ఇస్తారా, నెలవారీ కిరాయి డబ్బు ఇస్తారా. డబ్బయితే ముంబై సెంట్రల్ చుట్టుపక్కల గది దొరికేంత ఇస్తారా. పని ఆగిపోతే ఆ డబ్బు ఎవరు కడతారు, బ్యాంకు గ్యారంటీ ఉందా. కిరాయి చెక్కులు మధ్యలో ఆగిపోయి అటు పాత గదీ ఇటు కొత్త ఇల్లూ లేక మిగిలిన కుటుంబాలు ముంబైలో వేలల్లో ఉన్నాయి. పిల్లల బడి సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. ముంబై మున్సిపాలిటీ తెలుగు మాధ్యమం సహా ఎనిమిది భాషల్లో బడులు నడిపింది. ఒక బస్తీ ఖాళీ అయితే పిల్లలు లేరన్న కారణంతో అక్కడి తెలుగు తరగతి మూతపడుతుంది. మూతపడ్డది, ఐదారేళ్ళ తర్వాత కుటుంబాలు తిరిగొచ్చాయని మళ్ళీ తెరుచుకోవడం అరుదు.